బూట్లమ్మ నడక

జూన్ 2

ఈ ఇంట్లో అందరికీ నవ్వులాటగా ఉంది. బూట్లమ్మ కుంటుతోంది.

పొద్దున గూడు తలుపు తియ్యగానే పుంజు మేజర్ ఎప్పటిలాగే కూతపెట్టుకుంటూ ముందు దూకాడు. వెనకాలే రెండో పెట్ట గింజ వచ్చింది. బూట్లమ్మ రాలేదు. వంగి చూస్తే ఎడమ కాలు పొట్ట కిందికి ముడుచుకుని ఒంటికాలి మీద నిలబడి ఉంది. బయటికి తీసి దింపితే రెండడుగులు వేసి ఆగిపోయింది. అసలే అరకిలో కూడా సరిగ్గా తూగని పొట్టి కోడి. కాళ్ళ నిండా, వేళ్ళ మీద కూడా గుబురుగా ఈకలు, బూట్లు తొడుక్కున్నట్టు. ఆ ఈకల మాటున ఏమైందో ఏం కనిపిస్తుంది?

ఈయనకి చెప్పాను. లారీ షెడ్డుకి వెళ్ళే తొందర. "గుప్పెడు కోడికి కాలు నొప్పేంటే? కూరకైనా చాలదు" అని చెప్పులు వేసుకున్నారు.

వదిన ఇంకా నయం. ఈయనకి అక్కయ్యింది కాబట్టి నోరు మూసుకుంటున్నాను గానీ. కాఫీ గ్లాసు కింద పెట్టి లేచి, మెడ ముందుకి సాచి, ఎడమ కాలు ఎత్తెత్తి వేస్తూ హాలంతా ఒక చుట్టు తిరిగింది. కళ్ళు కూడా గుండ్రంగా చేసింది. అచ్చం బూట్లమ్మే. ముప్పై ఏళ్ళు బస్‌స్టేషన్‌లో విచారణల కిటికీ వెనక కూర్చుని వచ్చేపోయేవాళ్ళ నడకలన్నీ వంటబట్టించుకుంది మరి. మేడమీదావిడ నడక, పాలబ్బాయి నడక, నా నడక, అన్నీ అయ్యాయి. ఇక నా కోడి ఒక్కటే మిగిలింది కాబోలు.

ఈయన గుమ్మంలో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. మింగేశాను. నోరులేని దాన్ని చూసి నవ్వడమేంటి, సిగ్గుండాలి.

జూన్ 3

బట్టల బుట్టలో పెట్టుకుని సందు చివర పెంపుడు జంతువుల క్లినిక్‌కి తీసుకెళ్ళాను. కుర్చీల నిండా కుక్కలు, ఒళ్ళో పిల్లులు. బుట్టలోంచి బూట్లమ్మ తల బయటపెట్టగానే ఒకావిడ తన కుక్కని దగ్గరికి లాక్కుంది, నా కోడి దాన్ని కరిచేస్తుందన్నట్టు.

కౌంటర్లో అమ్మాయి, "కోడికి వైద్యమా ఆంటీ?" అని లోపలికి వెళ్ళింది. లోపల్నుంచి నవ్వులు వినిపించాయి. తిరిగొచ్చి, "మా సార్ కోళ్ళని చూడరండీ" అంది.

"చూడరా, చూడటం రాదా?"

"అలా మాట్లాడకండి ఆంటీ."

అరికాలి మంట నెత్తికెక్కింది. కుక్కకి నొప్పి ఉంటుంది, కోడికి ఉండదా? నాలుగు కాళ్ళదానికి ఒకటి పోతే మూడు మిగులుతాయి. రెండు కాళ్ళదానికి ఏం మిగులుతుంది? ముందు ఎవర్ని చూడాలి? గోడ నిండా సర్టిఫికెట్లు తగిలించుకున్న మనిషికి ఈ మాత్రం తెలియదా?

ఇంటికొచ్చేసరికి వదిన వాకిట్లోనే ఉంది. గేటు దాకా అదే కోడినడక నడిచొచ్చి బుట్ట అందుకుంది. 

జూన్ 4

రెండు బస్సులు మారి, ఊరి ఆ చివర ఉన్న పశువుల ఆస్పత్రికి వెళ్ళాను. ఆవుల మధ్య, మేకల మధ్య నిలబడ్డాను. అక్కడ మాత్రం ఎవరూ నవ్వలేదు.

డాక్టర్ పెద్దాయన. బూట్లమ్మని చంకలో తలకిందులుగా ఇరికించుకుని కాలి ఈకలు పక్కకి తీశాడు. అరికాలి కింద శనగగింజంత ఉబ్బు, నడిమధ్యలో నల్లటి పెచ్చు.

"ఇది ఇప్పటిది కాదు. ముందే చూసుకోలేదా అమ్మా?"

"ఈకలండీ" అన్నాను.

"ఈకలు పక్కకి తియ్యొచ్చు కదమ్మా."

 అంతటితో ఆగాడా! ఎక్కడ పడుకుంటుంది, ఎంత ఎత్తులో పడుకుంటుంది, కింద నేల ఏంటి అని ఆరా. సిమెంటు నేల అని చెప్పాను. నేనే దగ్గరుండి వేయించానని, చీమ కూడా పట్టకుండా రోజూ కడుగుతానని కూడా చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

"పొట్టి కోడి. భుజం ఎత్తు కర్ర మీంచి రోజూ సిమెంటు మీదకి దూకితే అరికాలు ఏం కావాలి? అక్కడే కమిలి, అక్కడే చీము పట్టింది."

అంటే నేనే చేశానా? మేజర్ దూకడం లేదా, గింజ దూకడం లేదా? వాటికేమీ కాలేదే! నా శుభ్రతకి ఇదా బహుమానం? పెద్దవాడు, పైగా మందిచ్చేవాడు కదా అని సరిపెట్టుకున్నాను.

చిన్న కత్తితో పెచ్చు లేపి, లోపల గట్టిపడిన చీముని గింజలా బయటికి తీశాడు. బూట్లమ్మ నా వేలు పొడిచింది గానీ అరవలేదు. ఒక ట్యూబు మందు, దూది, తనకి తానే అతుక్కునే నీలం రంగు పట్టీ చుట్ట ఇచ్చాడు. ఉప్పేసిన గోరువెచ్చటి నీళ్ళలో కాలు నాననిచ్చి, తుడిచి, మందు రాసి, కట్టు కట్టాలట. "లోపల గడ్డ మిగిలిపోతే పైపైన ఎంత మందు రాసినా దండగ. కాలే పోతుంది" అన్నాడు.

సాయంత్రం గూట్లో కర్ర కిందికి దించాను. ఆయన చెప్పాడని కాదు. ఎలాగూ దించాలనే అనుకుంటున్నాను.

జూన్ 6

నేలంతా మెత్తగా రంపపు పొట్టు పోశాను. గూడు చూడటానికి వడ్రంగి షెడ్డులా తయారైంది. సరే.

కట్టు కట్టడం నా చేతికి బాగా వచ్చేసింది. బట్టలు కుట్టే చెయ్యి కదా. పట్టీని వేళ్ళ మధ్యనుంచి అడ్డంగా తెచ్చి, వెనక వేలు చుట్టూ తిప్పి, మళ్ళీ అడ్డంగా తెచ్చి మడమ దగ్గర అతికించాలి. మరీ బిగిస్తే వేళ్ళు చల్లబడతాయి, మరీ వదులైతే జారిపోతుంది. వదిన స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఇంకోసారి చూపించవే" అంది.

"ఎందుకు, ఇది కూడా వేళాకోళం చెయ్యడానికా?"

"చూపిస్తే నీ సొమ్మేం పోతుంది?"

విప్పి మళ్ళీ కట్టాను. కన్నార్పకుండా చూసింది. కట్టు కడుతున్న నా చేతుల్ని ఈపాటికి మేడమీదావిడకి ఆడి చూపించే ఉంటుంది.

జూన్ 7

ఇవాళ కూడా కుంటింది. బూట్లమ్మ కాదు, వదిన. జోకు ఒకసారి చెబితే జోకు. రోజూ చెబితే ఒళ్ళుమంట.

జూన్ 9

బళ్ళు తెరిచే రోజులు. గుమ్మం దగ్గర యూనిఫాం లంగాల కుప్ప, పాంట్ల కుప్ప. అన్నీ రేపటికే కావాలి అందరికీ. ఇంత పనిలోనూ బూట్లమ్మకి రెండు పూటలా కట్టు మారుస్తున్నాను. ఉబ్బు తగ్గుతోంది.

మందు ట్యూబు అప్పుడే సగానికి వచ్చింది. గోరంత కాలికి గోరంత మందు రాస్తుంటే సగం ట్యూబు ఎలా ఖర్చవుతుంది? ఈయన్ని అడిగాను. గ్రీజు పట్టి చేతులు పగిలితే దొరికిందల్లా పూసుకునే అలవాటుంది.

"కోడి మందు నేను పూసుకుంటానా? నాకేమైనా పిచ్చా?"

"మరి ట్యూబుకి కాళ్ళొచ్చాయా?"

వదిన పేపరు చదువుకుంటూ, "పోనీలెద్దూ, మందే కదా" అంది. పోనీలెద్దూ అట! ఆవిడ సొమ్మేం పోయింది. కోడి ఏమైపోయినా నడక నేర్చేసుకుంది కదా.

జూన్ 11

ఇంత పని ఉందని తెలిసీ వదిన తన నైటీలన్నీ తెచ్చి మిషను మీద పడేసింది. అంచులు విప్పి పొడుగు చెయ్యాలట.

"ఉన్నవి బాగానే ఉన్నాయి కదా వదినా?"

"పాదాలు కనిపిస్తే బాగోదు."

"ఇంట్లో నీ పాదాలు ఎవరు చూస్తారు?"

"అదేలే, ఎవరూ చూడరు" అని నవ్వింది.

ఉక్కపోతకి నేను జాకెట్టు కూడా భరించలేకపోతుంటే ఆవిడ మేజోళ్ళు తొడుక్కుని తిరుగుతోంది. షుగర్ డాక్టర్ చెప్పాడట, నేల చల్లదనం తగలకూడదని. ఏ డాక్టరో, ఎప్పుడు చెప్పాడో. ఆ డాక్టరు మిఠాయిలు తినొద్దన్నది మాత్రం వినిపించదు.

అంచులు విప్పి కుట్టి ఇచ్చాను. నేలకి జీరాడుతున్నాయి.

జూన్ 12

నీలం పట్టీ చుట్ట కూడా మాయమవుతోంది! నేను కత్తిరించేది వేలెడు ముక్క. చుట్ట చూస్తే సగం లేదు. దూది కూడా అంతే. మేడమీదావిడ కొడుక్కి క్రికెట్ ఆడి మోచెయ్యి కొట్టుకుపోయిందని మొన్న చెప్పింది. మెట్లు దిగి వెనకవైపు నుంచి వచ్చి తీసుకెళ్ళడం ఎంతసేపు? అడగొచ్చు కదా, ఇవ్వనా?

అన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా నడుముకే ఉంది. పుండు మానుతున్న ప్రాణి నోటి దగ్గరి కూడు లాక్కుంటారా ఎవరైనా? ఇప్పుడు ఎవరు తీస్తారో చూస్తాను.

జూన్ 13

వదినతో పెద్ద గొడవ.

వంటింట్లోంచి కంచం పట్టుకుని వస్తూ మళ్ళీ అదే నడక. ఇప్పుడు మెడ సాచడం లేదు, కళ్ళు తిప్పడం లేదు. ఉత్తి కుంటు. ఆవిడ విద్య కూడా దిగజారిపోయింది. ఈయన నవ్వు కూడా ఆగిపోయింది, పళ్ళెంలోంచి తలెత్తలేదు.

"ఇక చాలు వదినా. ఆ నోరులేని దాన్ని చూసి ఎన్నాళ్ళు వెక్కిరిస్తావు? నీ కాలికి వస్తే తెలుస్తుంది" అన్నాను.

అనేశాను. ఏం, తప్పా? ఎవరైనా అంటారు.

తిరిగి నాలుగు అంటుందనుకుని నడుం బిగించి నిలబడ్డాను. మాకు కొత్తేం కాదు. కానీ వదిన కంచం బల్ల మీద పెట్టి కూర్చుంది.

"కోడి పుండు మానుతోందా?" అంది.

"మానుతోంది. నీకెందుకు?"

"ఊరికే. అదే మందు రాస్తూ ఉంటే మానిపోతుందా?"

"లోపలి గడ్డ తియ్యకపోతే మానదు. కాలే పోతుందన్నాడు డాక్టర్."

వదిన అన్నం కలుపుకుంది. రెండు ముద్దలు తిని లేచిపోయింది. పోన్లే, కోడి మీద కొంచెం జాలి పుట్టినట్టుంది. నా మాట గట్టిగానే తగిలింది. తగలాలి.

జూన్ 14

వదిన భోజనానికి రాలేదు. అలకట. కంచం గదికే పంపించాను. నేను మాత్రం బతిమాలను.

జూన్ 16

బూట్లమ్మ పరిగెత్తింది! కట్టు విప్పేశాను. అరికాలు గులాబీరంగులో నున్నగా ఉంది. మేజర్ ముక్కున పట్టిన పురుగు కోసం పెరడంతా వాణ్ణి తరిమి తరిమి లాక్కుంది. నేను చప్పట్లు కొట్టాను. క్లినిక్కు ముందుకి వెళ్ళి, ఇదిగో మీరు చూడనన్న కోడి, చూడండి అని అరవాలనిపించింది. ఆ కుక్కావిడకి కూడా చూపించాలి.

ఈయన సాయంత్రం వచ్చి చూసి, "పర్లేదే, డాక్టరమ్మా!" అన్నారు. పదహారు రోజుల్లో మొదటి మంచి మాట. పదహారు కాదేమో, ఎంతైతే ఏం.

వదిన గది తలుపు తెరుచుకోలేదు. బాగైన కోడిని చూడటానికి మాత్రం రాదు!

జూన్ 17

ఇప్పుడు చెప్పండి. బూట్లమ్మ చక్కగా నడుస్తోంది. అయినా ఈవిడ కుంటుతూనే ఉంది! పొద్దున స్నానాల గదికి వెళుతూ గోడ పట్టుకుని మరీ కుంటింది. అసలు కోడే మానేశాక నకలుకి ఏం పని? ఎవర్ని వెక్కిరిస్తున్నట్టు? నన్నేనా?

జూన్ 18

ఎవర్ని వెక్కిరిస్తున్నట్టు?

జూన్ 19

మిషను దగ్గర కూర్చుని లంగా కుచ్చిళ్ళు పడుతున్నాను. ఎదురుగా కిటికీ, కిటికీలో పెరడు. ఈయన షెడ్డుకి వెళ్ళిపోయారు. మేడమీదావిడ తలుపుకి తాళం. నేను ఇక్కడున్నానని వదినకి తెలియదు, మిషను చప్పుడు లేదు, చేత్తోనే గుచ్చుతున్నాను.

వదిన బట్టల బకెట్టుతో పెరట్లోకి వచ్చింది. చూసేవాళ్ళెవరూ లేరు. అయినా కుంటింది.

తాడు దాకా వెళ్ళి, తాడు పట్టుకుని, ఎడమ కాలు నేలకి ఆనించకుండా నిలబడింది. కళ్ళు మూసుకుంది. నోరు తెరిచి గాలి పీల్చుకుంది. కోళ్ళు ఆవిడ కాళ్ళ దగ్గరికి వచ్చాయి. బూట్లమ్మ ఆవిడ నైటీ అంచుని పొడుస్తోంది. జీరాడుతున్న ఆ అంచుని.

వేషం వేసేవాళ్ళకి ఎదుట మనిషి ఉండాలి. మనిషి లేడు కదా. మరి వేషమెందుకు?

సూది వేలికి గుచ్చుకుంది. లేచి పరిగెత్తాను.

"కూర్చో" అన్నాను. "మేజోడు విప్పు."

"ఏంటే నీ గోల?"

"విప్పుతావా, నన్ను విప్పమంటావా?"

బావి గట్టు మీద కూర్చోబెట్టి నేనే లాగాను. ముందు వాసన వచ్చింది. ఆ వాసన నాకు తెలుసు. పశువుల ఆస్పత్రిలో పెచ్చు లేపినప్పుడు వచ్చిన వాసన. లోపల నీలం పట్టీ. వేళ్ళ మధ్యనుంచి అడ్డంగా తెచ్చి, వెనక్కి తిప్పి, మళ్ళీ అడ్డంగా తెచ్చి మడమ దగ్గర అతికించి ఉంది. నేను కట్టినట్టే, ఒక్క మడత తేడా లేకుండా. మురికిపట్టి అంచులు చీకిపోయింది. వారం నుంచి మార్చలేదు. మార్చడానికి కొత్త పట్టీ ఎక్కడుంది, తాళంచెవి నా నడుముకి ఉంటే?

బొటనవేలి కింద రూపాయంత పుండు. పక్కవేలు నల్లబడింది.

"నీకు నోరు లేదా?" అని అరిచాను. కోళ్ళు బెదిరి చెల్లాచెదురయ్యాయి. "ఊళ్ళో అందరి గొంతులూ పలుకుతావు, నీ గొంతు పెగల్లేదా? దొంగతనంగా కోడి మందు రాసుకుంటావా? కోడి మందు!"

"దానికి తగ్గుతోంది కదే" అంది వదిన.

జూన్ 20

పెద్దాస్పత్రి. డాక్టరు నా వయసులో సగం ఉంటాడు. కేకలు మొదలుపెట్టాడు. షుగర్ ఉన్నవాళ్ళ కాళ్ళకి స్పర్శ తగ్గిపోతుందట, లోపల కుళ్ళేదాకా నొప్పి సరిగ్గా తెలియదట, రోజూ పాదాలు తిప్పి చూసుకోవాలట. "ఇంట్లో ఇంతమంది ఉండి ఒక్కరూ చూడలేదా?"

"మేజోళ్ళండీ" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక పశువుల డాక్టరు గుర్తొచ్చాడు.

ఈయన బయట బల్ల మీద కూర్చుని తల వంచుకున్నారు. "నేను నవ్వాను కదే. నవ్వుతూ కూర్చున్నాను" అని అదే మాట. నేను నవ్వలేదు, నేను ఒక్కరోజు కూడా నవ్వలేదు అని చెప్పాను.

రెండు వేళ్ళు తీసెయ్యాలట. పాదం దక్కుతుందో లేదో తరవాత చెబుతారట.

జూన్ 21

తీసేశారు.

జూన్ 24

పాదం దక్కింది. పైకి పాకలేదు అన్నాడు డాక్టరు. ఆ కుర్రాడి కాళ్ళకి దండం పెట్టాలనిపించింది, పెట్టలేదు, మొన్న నామీద అరిచినందుకు.

వదిన దిండుకి ఆనుకుని కూర్చుంది. కట్టు కట్టిన కాలు కంబళి మీద చంటిపిల్లలా పడి ఉంది. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"ఎందుకు దాచావు?"

"బస్‌స్టేషన్‌లో మా పక్క కిటికీలో టిక్కెట్లు ఇచ్చే ఆయన చెప్పు కరిచిందని చూపించుకోడానికి వెళ్ళాడు. మోకాలి దాకా తీసేశారు. మళ్ళీ కిటికీ దగ్గరికి రాలేదు. వేలు చూపిస్తే కాలు అడుగుతారే వీళ్ళు."

"మాకైనా చెప్పొచ్చు కదా. వెక్కిరింత అనుకున్నాం. మొదటిరోజు అంత బాగా ఆడావు."



"మొదటిరోజు కూడా ఆడలేదే. కాఫీ తాగి లేస్తే కాలు సరిగ్గా పడలేదు. తూలాను. మీరిద్దరూ చూసేశారు. ఏం చెప్పాలో తోచక మెడ సాచాను."

"దాచేశావన్నమాట."

"దాచడమేంటి? నట్టింట్లో, మీ కళ్ళముందే, రోజూ నడిచాను. ఒక్కరైనా ఆగి చూస్తారేమోనని కూడా అనుకున్నాను. మీరే నవ్వారు. నువ్వు తిట్టావు."

మంచినీళ్ళు తెస్తానని బయటికి వచ్చేశాను. వరండాలో నీళ్ళ పంపు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఎవరి మీద అరవాలో తెలియలేదు. తెలిస్తే బాగుండేది.

జూలై 6

వదిన ఇంటికొచ్చి నాలుగు రోజులు. చేతికర్రతో హాలు దాకా నడుస్తోంది. మేడమీదావిడ చూడ్డానికి వచ్చి, "అయ్యో, అచ్చం మీ కోడిలాగే నడుస్తున్నారే!" అని నవ్వింది. నేను లేచి తలుపు తెరిచి పట్టుకున్నాను. "పనుంది, వెళ్ళిరండి" అన్నాను. ఆవిడ మొహం మాడ్చుకుని వెళ్ళింది. మాడ్చుకోనీ.

"ఆవిడకేం తెలుసే పాపం, ఎందుకంత కోపం?" అంది వదిన.

ఉప్పేసిన గోరువెచ్చటి నీళ్ళు డాక్టరు వద్దన్నాడు, షుగర్ ఉన్నవాళ్ళకి వేడి తెలియక కాలుతుందట. అందుకని ఉత్త తడిగుడ్డతో తుడిచి, రెండో కాలు కూడా తిప్పి చూస్తున్నాను. అరికాలు, మడమ, వేళ్ళ సందులు, గోళ్ళ అంచులు. వెలుతురు చాలకపోతే కిటికీ దగ్గరికి జరుపుతున్నాను. మిషను దీపం కూడా ఇటు తిప్పాను.

ఇవాళ పొద్దున కాలు వెనక్కి లాక్కుంది.

"చాల్లేవే. నన్ను కోడిని చూసినట్టు చూడకు."

"కోడిని చూసినట్టు చూసుంటే ఆ రెండు వేళ్ళూ ఉండేవి" అన్నాను.

 కాలు మళ్ళీ నా ఒళ్ళో పెట్టింది.